కొత్తవలసలో ఉడికిన తుప్పు మందు

ఆమదాలవలస బజారులో జగన్నాధం గారి రంగులు, ఇనుప సామాన్ల కొట్టు తెలియనివాళ్లు తక్కువ. ఆయన పెద్దకూతురు సుహాసిని ఆ కొట్లోనే పెరిగింది. తండ్రి మధ్యాహ్నం భోజనానికి వెళితే గల్లా దగ్గర కూర్చునేది. ఎనామిల్ ఎక్కడ వాడాలో, డిస్టెంపరు ఎక్కడ వాడాలో రసాయనశాస్త్రం చదవకముందే ఆమెకు తెలుసు. తర్వాత ఆ శాస్త్రమే చదివింది. ఎమ్మెస్సీ అయ్యాక విశాఖపట్నం దగ్గర ఒక మందుల కంపెనీలో కొన్నేళ్లు పనిచేసింది. బయటివాళ్లు కనిపెట్టిన తయారీ పద్ధతుల్లో ఏది తమ కంపెనీ కొనుక్కోవచ్చో, ఏది కొనకూడదో పరిశీలించే జట్టులో ఆమె ఒకరు. కొనేవాడు ఎక్కడ భయపడతాడో, ఏ మాట వింటే ముందుకొస్తాడో అక్కడ బాగా చూసింది.

విజయనగరం దగ్గరి ఒక విశ్వవిద్యాలయం సాంకేతిక బదిలీ విభాగం పెడుతున్నామని, దానికి ఒక అధికారి కావాలని ప్రకటన ఇచ్చినప్పుడు సుహాసిని దరఖాస్తు పెట్టింది. ఉద్యోగం వచ్చింది. ఆ మాట చెబితే జగన్నాధం గారు కంగారుపడ్డారు.

"బదిలీయా? ఇంకా సేరనేలేదు, అప్పుడే ఎక్కడికి ఏసేత్తన్నారే?"

సుహాసినికి నవ్వాగలేదు. "బదిలీ నాకు కాదు నాన్నా. అక్కడ మేష్టార్లు ఏవేవో కనిపెడతారు కదా, వాటిని ఫ్యాక్టరీల వాళ్లకి అప్పజెప్పాలి. తయారుచేసుకుని అమ్ముకోడానికి హక్కు ఇస్తారు. నీకు రంగుల కంపెనీ ఏజెన్సీ ఇచ్చినట్టే."

"ఓస్, ఏజెన్సీ యాపారవేనా? అలగైతే నువ్వు సేసీగలవు," అని ఆయన తేల్చేసి, మేకులు అడుగుతున్న మనిషి వైపు తిరిగారు.

విభాగం అంటే పరిశోధన భవనంలో మెట్ల పక్కన ఒక గది. సుహాసిని ఆ గదిలో కూర్చున్నది తక్కువ. రోజూ ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరంలో దిగి, విశ్వవిద్యాలయం చేరగానే ఏదో ఒక ప్రయోగశాల తలుపు తట్టేది. చెప్పింది శ్రద్ధగా విని, చివర్లో ఒకే ప్రశ్న వేసేది. "ఇది ఎవరికి కావాలండీ?"

కొందరికి ఆ ప్రశ్న నచ్చలేదు. కొందరు ఎన్నడూ ఆలోచించలేదని ఒప్పుకున్నారు. అక్కడ పనికొచ్చే వస్తువులు లేకపోలేదు. అయితే మేష్టారు ఒకటి కనిపెట్టడం, దాని మీద వ్యాసం ప్రచురించడం, మరోదానికి వెళ్లిపోవడం అలవాటైపోయింది. అప్పుడప్పుడు ఏదో కంపెనీ వాళ్లు వచ్చి అవగాహన ఒప్పందం మీద సంతకాలు చేసేవాళ్లు. శాలువాలు కప్పుకునేవాళ్లు, ఫోటో పేపర్లో వచ్చేది. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ఫోన్ చేసేవారు కాదు. సుహాసిని దీనికొక వరస పెట్టింది. కొత్తది ఏదైనా కనిపెట్టగానే ముందు విభాగానికి చెప్పాలి. ప్రపంచంలో మరెవరూ చేయలేదని తేలితే పేటెంటుకు దరఖాస్తు పెట్టాలి. తయారుచేసేవాడిని వెతకాలి. షరతులు మాట్లాడుకుని లైసెన్సు ఇవ్వాలి. వచ్చినదాన్ని కనిపెట్టినవాళ్లూ, వాళ్ల ప్రయోగశాలా, విశ్వవిద్యాలయమూ పంచుకోవాలి.

ఈ వరసకు మొదటి పరీక్ష రసాయనశాస్త్రం మేష్టారు మోహనకృష్ణ దగ్గర ఎదురైంది.

ఆయనది కోటబొమ్మాళి దగ్గర రైతు కుటుంబం. ఆయనా, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న దీపికా కలిసి జీడిగింజల తొక్కలోంచి తీసిన నూనెతో ఒక ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, తయారుచేశారు. ఆ నల్లటి నూనె చేతికి తగిలితే బొబ్బలెక్కుతాయి. పడవలకు పూయడం ఇక్కడివాళ్లకు పాత అలవాటే. మేష్టారు దాన్ని ఫార్మాలిన్‌తో ఉడికించి, మరికొన్ని కలిపి, కుంచెతో పూసుకునే మందుగా మార్చారు. తుప్పు పట్టిన ఇనుమును తళతళలాడేదాకా గీకనక్కర్లేదు. పైపైన దులిపి, తుప్పు మీదే పూయొచ్చు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు కూడా పొరలు పొరలుగా రాలిపోయే ఈ తీరంలో అది చిన్న సంగతి కాదు. కళింగపట్నం ఒడ్డున ఇనుప పలకలకు పూసి వేలాడదీసి, రెండు వానాకాలాలు చూశారు. మామూలు రంగు పూసిన పలకలకు చిల్లులు పడ్డాయి. ఇవి నిలిచాయి.

సుహాసిని ఆ పలకలు చేత్తో పట్టుకుని చూసింది. ఈసారి "ఎవరికి కావాలి" అని అడగవలసిన అవసరం రాలేదు. తండ్రి కొట్టుకు తుప్పు గోడు చెప్పుకుంటూ వచ్చేవాళ్లను ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

"వచ్చే సోమవారం భువనేశ్వర్ సదస్సులో దీని మీద మాట్లాడుతున్నాను," అన్నారు మోహనకృష్ణ సంతోషంగా.

సుహాసిని పలక కింద పెట్టింది. "అప్పటికి పేటెంటు దరఖాస్తు వెళ్లదు సార్. మీరు అక్కడ అంతా చెప్పేస్తే, అది లోకానికి తెలిసిపోయినట్టే. తర్వాత అడిగినా మనకి హక్కు దక్కడం కష్టం."

"దక్కకపోతే ఏమైంది? నేను మేష్టార్నమ్మా. తెలిసింది నలుగురికీ చెప్పడమే నా పని. దాచుకోవడం కాదు."

"దాచమనడం లేదు సార్. దరఖాస్తు పెట్టేదాకా ఆగమంటున్నాను. దీన్ని పెద్ద ఎత్తున చేయాలంటే ఒకడు పాత్రలు కొనాలి, మనుషులను పెట్టుకోవాలి, ఊరూరా తిరిగి అమ్మాలి. ఇంతా చేశాక పక్కవాడు మర్నాడే అదే డబ్బా తెచ్చి పక్కన పెడతాడని తెలిస్తే, ముందుకెవడు వస్తాడు? అప్పుడు మీ మందు వ్యాసంలో ఉంటుంది, మీ ఊళ్లో గేట్లు తుప్పు పడుతూనే ఉంటాయి."

ఆయన ముఖం ముడుచుకున్నారు. దీపిక పరీక్షనాళికలు సర్దుతోంది. చివరికి ఆయనే దీపిక వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అని అడిగారు.

"సదస్సులు మళ్లీ ఉంటాయి సార్. నాకైతే ఇది డబ్బాలో చూడాలని ఉంది," అంది దీపిక.

మోహనకృష్ణ భువనేశ్వర్ వెళ్లారు గానీ, తన పాత పరిశోధన మీద మాట్లాడి వచ్చారు. నెల తిరగకుండా దరఖాస్తు వెళ్లింది. వ్యాసం ఆ తర్వాత హాయిగా అచ్చయింది.

తయారుచేసేవాళ్ల కోసం సుహాసిని చాలామందిని కదిలించింది. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకటి ముంబై నుంచి నడిచే పెద్ద రంగుల కంపెనీ. రెండోవారు కొత్తవలసలో రెడ్‌ఆక్సైడ్, చవక డిస్టెంపర్లు తయారుచేసే ధర్మారావు. ధర్మారావు డిప్లొమా చదివి, విశాఖపట్నంలో రంగుల ఫ్యాక్టరీలో షిఫ్టు చూసుకుని, ఆ అనుభవంతో రైల్వే లైను పక్కన సొంత షెడ్డు వేసుకున్నాడు. పలకలు చూపిస్తే ఆయన ముందు గోరుతో గీకి చూశాడు, తర్వాత తాళంచెవితో, ఆ తర్వాత లోపలికెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చాడు.

"పొర లేవనేదు సూసినారా!" అన్నాడు, తనే కనిపెట్టినంత సంబరంగా. "ఇది నాకు ఇప్పించండి మేడం. ఈ ఏడే మొదలెట్టీసి అమ్ముతాను."

పెద్ద కంపెనీ వాళ్ల కోరిక వేరు. అన్ని రకాల వాడకానికీ, దేశమంతటికీ, పేటెంటు ఉన్నంతకాలం తమ ఒక్కరికే హక్కు కావాలన్నారు. లైసెన్సులు తేల్చే విశ్వవిద్యాలయం కమిటీకి పరిశోధన డీన్ గణపతిరావు పెద్ద. ఆయనకు ముంబై కంపెనీ పేరు చూడగానే అటు మొగ్గు కలిగింది. తప్పుపట్టడానికి లేదు. కొత్త విభాగానికి మొదటి లైసెన్సే అంత పెద్ద కంపెనీతో అంటే అందరికీ గౌరవమే.

సమావేశంలో సుహాసిని కంపెనీ ప్రతినిధిని అడిగింది. "ఎప్పటికి అమ్మకానికి తెస్తారండీ?"

"అది మా అంతర్గత నిర్ణయం మేడం."

"తేకపోవడం కూడా ఉండొచ్చా?"

అతను మర్యాదగా నవ్వి, "మా దగ్గర ఇప్పటికే మూడు తుప్పు ప్రైమర్లు ఉన్నాయి. ఏది ఎప్పుడన్నది మార్కెట్‌ను బట్టి," అన్నాడు.

అతను వెళ్లాక సుహాసిని కమిటీకి తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది. ఒక పైపుల కంపెనీ శ్రీకాకుళం జిల్లా మొత్తానికీ ఏజెన్సీ ఒకే పెద్ద వ్యాపారికి రాసిచ్చింది. అతనికి వేరే కంపెనీ పైపులు బాగా అమ్ముడవుతున్నాయి. కొత్తవి తెప్పించలేదు, మరొకరిని తెప్పించనివ్వలేదు. జగన్నాధం గారి కొట్టుకొచ్చి జనం ఆ పైపులు అడిగేవాళ్లు. ఆయన లేవని చెప్పేవారు. మూడేళ్లకు కంపెనీ వాళ్లే జిల్లాలో తమ సరుకుకు గిరాకీ లేదని రాసుకుని వెళ్లిపోయారు.

"పెద్ద కంపెనీ వద్దని నేననడం లేదు సార్. అంతా ఒక్కరి చేతిలో పెట్టి, ఎప్పుడు చేస్తావని అడగకుండా వదిలేయొద్దంటున్నాను. ఇళ్ల గేట్లు, ఊచలు, పడవలు, ఇవి ధర్మారావు గారికి ఇద్దాం. పెద్ద పెద్ద షెడ్లు, వంతెనల వాడకం ముంబై వాళ్లకు ఇద్దాం, ఒప్పుకోకపోతే మన దగ్గరే ఉంచుకుందాం. రెండేళ్లలో సరుకు బజార్లోకి రాకపోతే హక్కు మనకి తిరిగి వచ్చేస్తుందని ఇద్దరికీ ఒకే షరతు పెడదాం."

"ఆ షరతుకు ముంబై వాళ్లు ఒప్పుకుంటారా?" అన్నారు గణపతిరావు.

"ఇవాళ ఒప్పుకోరు. సరుకు బజార్లో కనపడ్డాక వాళ్లే వస్తారు."

గణపతిరావు పెన్ను మూత తీశారు. "నీ ధైర్యం నాకు లేదు గానీ, నీ లెక్కలో తప్పు కనపడడం లేదు," అని ఆమోదించారు. ముంబై వాళ్లు ఊహించినట్టే తప్పుకున్నారు. ధర్మారావు సంతకం చేసి, తయారీ విధానం ఉన్న కాగితాలు గుండెకు హత్తుకుని వెళ్లాడు.

ఆరు వారాల తర్వాత ఒక ఉదయం ఆయన ఫోన్ చేశాడు. గొంతులో పాత సంబరం లేదు.

"మేడం, మీ మందు గడ్డకట్టీసినాది."

"గడ్డకట్టడమేమిటండీ?"

"కెటిల్లోనే రాయైపోనాది. గరిటె కూడా అందులోనే ఉండిపోనాది. మావోళ్లు ఉలులెట్టి కొడతన్నారు."

ఐదువందల లీటర్ల పాత్ర అది. అంతకంటే పెద్ద సంగతి, ఆ మనిషి సుహాసిని మాట నమ్మి దిగాడు. ఆమె వెంటనే మోహనకృష్ణ దగ్గరికి వెళ్లింది. ఆయన నమ్మలేదు. "మా ప్రయోగశాలలో ఎన్నిసార్లు చేసినా సరిగ్గా వచ్చింది. వాళ్లేదో తప్పు చేసుంటారు," అన్నారు. గణపతిరావు ఒప్పందం తెప్పించి చూశారు. విధానం అందజేసేవరకే మన బాధ్యత అని అందులో స్పష్టంగా ఉంది. "ఒక వివరణ రాసి పంపించండి. చట్టప్రకారం అంతకుమించి అక్కర్లేదు," అన్నారాయన.

"చట్టప్రకారం అక్కర్లేదు సార్. కానీ ఆ వివరణ చదివి ఆయన కెటిల్ కడిగేసి పాత రెడ్‌ఆక్సైడ్ చేసుకుంటాడు. మనం ఇచ్చామనుకున్నది అక్కడితో సరి. నేను దీపికను తీసుకుని వెళ్తాను."

ఆయన ఒప్పందం మూసి, "వెళ్లిరండి," అన్నారు.

కొత్తవలస షెడ్డులో ఉలి చప్పుడు దూరానికే వినిపించింది. ఇద్దరు పనివాళ్లు కెటిల్ నోట్లోంచి గోధుమరంగు పెంకులు పెకలించి తట్టలో వేస్తున్నారు. ధర్మారావు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు గానీ, రమ్మనలేదు.

"కాయితాల్లో రాసినట్టే సేసాం మేడం. అచ్చరం తప్పనేదు. మరి ఎలగ పాడైందో మీరే సెప్పాల."

సుహాసిని సమర్థించుకోలేదు. "మొదటి నుంచీ చెప్పండి, ధర్మారావు గారూ. దీపిక వింటుంది," అంది.

నూనె ఎంత పోశారు, ఎంత కాచారు, ఏ దశలో ఏం కలిపారు అని ఆయన వరసగా చెప్పుకొచ్చాడు. దీపిక తలాడిస్తూ వింటోంది. ఒక చోట ఆపింది.

"ఫార్మాలిన్ ఎంతసేపట్లో పోశారండీ?"

"ఎంతసేపేటి? డ్రమ్ము ఎత్తి పోసీసినాం. 'కలపవలెను' అని కదా రాసినారు."

దీపిక సుహాసిని వైపు చూసింది. ముఖం ఎర్రబడింది. "మేము చుక్కచుక్కగా పోస్తాం మేడం. గాజు గరాటు పైన బిగించి, గంటన్నర సేపు. చేయి అలా అలవాటైపోయింది. అది కాగితం మీద రాయాలని నాకు తోచలేదు."

"చిన్న సీసాలో ఒక్కసారే పోస్తే?" అని అడిగింది సుహాసిని.

"చిన్నదైతే వేడి గోడల్లోంచి బయటికి పోతుంది, ఒకవేళ చేయి తప్పినా తట్టుకుంటుంది. ఇంత పెద్ద పాత్రలో వేడి మధ్యలోనే ఉండిపోతుంది. ఆ వేడికి ఇంకా తొందరగా ఉడుకుతుంది. ఇంక ఆగదు."

ధర్మారావు మళ్లీ స్టూలు మీద కూలబడ్డాడు. కోపం పోయి, ఆలోచన మొదలైనట్టుంది. "మరైతే సల్లబరచడానికి నీళ్ల గొట్టం ఒకటే ఉన్నాది. సాలుతాదేటి?" అన్నాడు.

అది కనుక్కోవడానికి దీపిక బయటికెళ్లి మోహనకృష్ణకు ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. మర్నాడు పొద్దున్న రైల్లో ఆయనే దిగారు. చేతిలో సంచీ, అందులో పాత చొక్కా ఒకటి. షెడ్డులోకి రాగానే చొక్కా మార్చుకుని, కెటిల్ చుట్టూ తిరిగి, ఎక్కడ చేయిపెడితే ఎంత వేడి తగులుతుందో ధర్మారావును అడిగారు. ధర్మారావు చెప్పిన ప్రతిదీ విన్నారు. గొట్టం అడుగున మాత్రమే ఉందని, పైభాగం చల్లబడే దారి లేదని ఇద్దరూ కలిసి తేల్చారు. మధ్యాహ్నానికి వెల్డరు వచ్చి రెండో గొట్టం పాత్ర నడుముకు చుట్టాడు. ఫార్మాలిన్ డ్రమ్ము పైన అరుగు మీదకెక్కించి, సన్నటి కుళాయి బిగించారు.

అంతా సిద్ధమయ్యాక ధర్మారావు వెనక్కి తగ్గాడు. "ఇంకో మాటు రాయైపోతే కెటిల్ మారిపించీయాల మేడం. మావోళ్లు కూడా భయపడతన్నారు."

"సగం పాత్రే చేద్దాం," అంది సుహాసిని. "థర్మామీటరు మీద ఒక గీత పెట్టుకుని, వేడి అది దాటితే కుళాయి కట్టేద్దాం. అప్పటికీ గడ్డకడితే ఉలి నేను పడతాను."

"మీరు ఉలి పట్టీడమా!" అని ఆయన నవ్వేశాడు. ఆ నవ్వుతో పని కదిలింది.

మర్నాడు పొద్దున్న మొదలెట్టారు. అందరూ ముక్కులకు మాస్కులు కట్టుకున్నారు. దీపిక కుళాయి దగ్గర నిలబడింది. మోహనకృష్ణ థర్మామీటరు చూసి పైకి చెబుతున్నారు, ధర్మారావు నీళ్ల గొట్టాలు రెండూ తనే చూసుకుంటున్నాడు. సుహాసినికి చేయడానికి పనేమీ లేదు. గుమ్మంలో నిలబడి, కిరండూల్ లైను మీద ఖనిజం మోసుకొస్తున్న గూడ్సు వైపు చూస్తోంది గానీ, చెవులు లోపలే ఉన్నాయి. ఒకసారి వేడి గీత దాటబోయింది. "ఆపు!" అన్నారు మోహనకృష్ణ. కుళాయి మూశారు. పాదరసం మెల్లగా దిగింది. మళ్లీ తెరిచారు.

మధ్యాహ్నం దాటాక ధర్మారావు పొడుగు గరిటె ముంచి పైకెత్తాడు. ముదురు ఎరుపు పాకం తీగలా సాగి, తెగకుండా కిందికి జారింది.

"వచ్చీసింది!" అని కేకేశాడు. "సార్, సూడండి, అచ్చం బెల్లం పాకంలాగున్నాది!"

మోహనకృష్ణ ఆ గరిటె అందుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. ప్రయోగశాలలో గ్లాసుడు చేసినప్పుడు ఆయన ముఖంలో ఎప్పుడూ లేని ఆనందం అది. దీపిక మాస్కు తీసి కళ్లు తుడుచుకుంది. ఫార్మాలిన్ ఘాటు అంది.

తిరిగొచ్చాక సుహాసిని నేరుగా గణపతిరావు దగ్గరికెళ్లింది. ఇకమీదట ఏ లైసెన్సయినా కాగితాలు అందజేయడంతో ముగియకూడదు, కనిపెట్టినవాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లి అక్కడి పాత్రల్లో సరుకు సరిగ్గా దిగేవరకూ ఉండాలి, అది ఒప్పందంలోనే రాయాలి అంది.

"విద్యార్థుల మాటేమిటి? దీపిక థీసిస్ ఆలస్యమైతే ఎవరు జవాబు చెబుతారు?" అని అడిగారాయన. న్యాయమైన ప్రశ్నే.

"ఫ్యాక్టరీలో చేసిన పని థీసిస్‌లో భాగంగా లెక్కించాలి సార్. పెద్ద పాత్రలో వేడి ఎలా నడుస్తుందన్నది చిన్న విషయం కాదు కదా."

దాని మీద ఆయన మోహనకృష్ణతో, మరో ఇద్దరితో మాట్లాడి, నియమం మార్పించారు. దీపిక థీసిస్‌లో కొత్తవలస కెటిల్ ఒక అధ్యాయమైంది. పట్టా చేతికొచ్చాక ఆమె ధర్మారావు ఫ్యాక్టరీలోనే నాణ్యత చూసే ఉద్యోగంలో చేరింది.

మందు డబ్బాల్లో బజారుకొచ్చింది. ముందు ఇబ్బందులు లేకపోలేదు. ఒక్క రంగే, అదీ ముదురు గోధుమ. గేటుకు ఆ రంగేమిటని ఇళ్లవాళ్లు ముఖం చిట్లించారు. ధర్మారావు దాన్ని కింద పూతగా చూపించి, పైన నచ్చిన రంగు వేసుకోండని పెయింటర్లకు స్వయంగా పూసి చూపించాడు. పెయింటర్లకు గీకే చాకిరీ తగ్గడంతో వాళ్లే ప్రచారకులయ్యారు. భావనపాడు వైపు పడవలవాళ్లు లంగర్లకూ గొలుసులకూ పూయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు ధర్మారావు రెండో కెటిల్ దింపాడు. దానికి నీళ్ల గొట్టాలు మొదట్నించే రెండు.

ముంబై కంపెనీ నుంచి అదే ప్రతినిధి మళ్లీ వచ్చాడు. ఈసారి అతనితోపాటు వాళ్ల ప్లాంటు మేనేజరు కూడా ఉన్నాడు. పెద్ద షెడ్లు, వంతెనల వాడకానికి హక్కు అడిగారు. రెండేళ్ల షరతు గురించి సుహాసిని ఎత్తకముందే, దానికి తమకు అభ్యంతరం లేదన్నారు.

"మరో షరతు ఉందండీ," అంది సుహాసిని. "సంతకానికి ముందు మీ ప్లాంటులో కెటిల్ దగ్గర నిలబడేవాళ్లు ఇద్దరు మా ప్రయోగశాలకు రావాలి. తర్వాత మా వాళ్లు మీ దగ్గరికి వస్తారు. మొదటి సరుకు దిగేదాకా ఉంటారు."

ప్రతినిధి ఏదో అనబోయాడు. ప్లాంటు మేనేజరు అతని చేయి పట్టి ఆపాడు. ఎక్కడో ఎప్పుడో గడ్డకట్టిన పాత్ర చూసిన మనిషిలా ఉన్నాడు.

"ఇద్దరు కాదు మేడం, ముగ్గుర్ని పంపుతాను. నేనూ వస్తాను. ఎప్పుడు రమ్మంటారు?"

"సోమవారం రండి," అంది సుహాసిని. మోహనకృష్ణ గారికి ఫోన్ చేసి, సోమవారం ప్రయోగశాల ఖాళీగా ఉంచమని చెప్పింది.